గోడ విడిచినవి

ఏమీ మొలవకూడని ప్లేటులో ఏదో మొలిచిందని ల్యాబ్ టెక్నీషియన్ పైడితల్లి వచ్చి చెప్పినప్పుడు డాక్టర్ హైమవతికి అనుమానం ప్లేటు మీద కలగలేదు. పైడితల్లి చేతుల మీద కలిగింది.

"గ్లవ్స్ వేసుకున్నావా?"

"ఏసుకున్నానండి."

"బర్నర్ మంట దగ్గరే పనిచేశావా, ఫోన్ మాట్లాడుతూ చేశావా?"

పైడితల్లి మొహం చిన్నబోయింది. "పదకొండేళ్ళయిందండి నేను ఈ పని నేర్చి. మూడు ప్లేట్లూ అలగే ఉన్నాయి. ఓసారి చూడండి మేడమ్."

హైమ చూసింది. పసుపుపచ్చని జెల్లీ మీద ఆవగింజ పాటి చుక్కలు, ఏడో ఎనిమిదో. అవి అక్కడ ఉండటానికి వీల్లేదు. మందు వాడి కోలుకున్న రోగుల మూత్రాన్ని అతి సన్నని ఫిల్టర్ గుండా వడకట్టి, కిందికి దిగిన నీటిని ఆ ప్లేట్ల మీద పూస్తారు. ఆ ఫిల్టర్ రంధ్రాల్లోంచి ఏ బాక్టీరియా దూరలేదు. అందుకే ఆ ప్లేట్లు ఖాళీగా ఉండాలి. మామూలుగా మూడో రోజున పారేస్తారు కూడా. ఈసారి తుఫాను హెచ్చరికతో ల్యాబ్ మూతపడటం వల్ల అవి ఇంక్యుబేటర్‌లో పది రోజులు ఉండిపోయాయి.

"పది రోజులుంచితే గాలిలోదేదో పడి మొలుస్తుంది. పారేసి, మళ్ళీ శుభ్రంగా చెయ్యి" అంది హైమ.

అప్పుడు ఆ పరిశోధన కేంద్రంలో అందరూ ఒక రకమైన మత్తులో ఉన్నారు. విశాఖలో రుషికొండ దాటాక, సముద్రం కనిపించే ఎత్తు మీద ఉన్న ఆ మూడంతస్తుల భవనంలో హైమ తొమ్మిదేళ్ళు కష్టపడి తయారుచేసిన అణువుకు 'ఛేదిని' అని పేరు పెట్టారు. ఏ మందుకూ లొంగని మొండి బాక్టీరియా చుట్టూ ఉండే గోడను అది గంటలో కూల్చేస్తుంది. గోడ కూలిన బాక్టీరియా నీళ్ళు తాగి ఉబ్బి పగిలిపోతుంది. మొదటి బ్యాచ్‌లో నలభై ఆరు మంది రోగులు. అందరికీ నాలుగు రోజుల్లో జ్వరం దిగింది. రెండో బ్యాచ్‌లో పద్దెనిమిది మంది. వాళ్ళలో హైమ అత్తగారు వరహాలమ్మ కూడా ఉంది. దరఖాస్తులో బంధుత్వం రాయాల్సిన చోట హైమ దాపరికం లేకుండానే రాసింది. డైరెక్టర్ డాక్టర్ పరాంకుశం నవ్వుతూ సంతకం పెట్టాడు.

వరహాలమ్మ పలాసలో జీడిపప్పు బట్టీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. జీడినూనెకి కాలిన వేళ్ళ కొసలు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. రెండేళ్ళుగా ఆవిడకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తోంది, పోతోంది. ఛేదిని మాత్రలు పధ్నాలుగు రోజులు వేసుకుంది. మూడో రోజుకే లేచి కూర్చుంది. ఐదో రోజున వంటింట్లోకి వెళ్ళి కొడుకుకి ఆవపెట్టి పనసపొట్టు కూర చేసింది. హైమకి తన జీవితంలో అంత రుచైన కూర తిన్నట్టు గుర్తులేదు.

డిసెంబరు మొదటి వారంలో ఆవిడకి మళ్ళీ జ్వరం వచ్చింది.

హైమ మనసులో ఒక పురుగు తొలవడం మొదలుపెట్టింది. వరహాలమ్మకి మందులంటే పడదు. రెండేళ్ళ కిందట బీపీ మాత్రలు కళ్ళు తిప్పుతున్నాయని నెల రోజులపాటు బాల్కనీలో మందారం కుండీలో పాతిపెట్టింది. ఆ సంగతి కుండీ మార్చినప్పుడు గాని బయటపడలేదు. అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు హైమ పరుపు ఎత్తి చూసింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి తడిమింది. కుండీల మట్టి పుల్లతో కెలికింది. ఏమీ దొరకలేదు. చీర మార్చుకోవడానికి వచ్చిన వరహాలమ్మ గుమ్మంలో నిలబడి ఆ మట్టి వేళ్ళని చూసింది.

"ఏటమ్మా ఎతుకుతున్నావు?"

"ఏం లేదత్తయ్యా. మొక్కకి చీడ పట్టినట్టుంటే..."

"మింగేను తల్లీ. అన్నీ మింగేను. నా మాట నమ్మకపోతే నీ ఇష్టం."

హైమ మళ్ళీ ఒక కోర్సు మొదలుపెట్టింది. జ్వరం రెండు రోజుల్లో దిగింది. అదే ఆమె అనుమానాన్ని మరింత గట్టిపరిచింది. మందు పనిచేస్తోంది, అంటే ముందుసారి లోపలికి సరిగ్గా వెళ్ళలేదన్నమాట.

అదే వారం ల్యాబ్‌లో పైడితల్లి మళ్ళీ చేసిన ప్లేట్లలో మళ్ళీ మొలిచింది. ఈసారి తుఫాను లేదు. పైడితల్లే వాటిని పారేయకుండా, ఎవరికీ చెప్పకుండా పది రోజులు దాచి ఉంచింది. హైమ అనుకోకుండా లోపలికి వెళ్ళేసరికి ఆమె తలుపు వైపు వీపు పెట్టి ఆ ప్లేట్లని ఫోన్‌తో ఫోటోలు తీస్తోంది.

"ఎవరికి పంపుతున్నావు అవి?"

పైడితల్లి ఉలిక్కిపడింది. "ఎవరికీ కాదండి. నేను చెప్తే మీరు నమ్మట్లేదని..."

పరాంకుశం ఈ సంగతి విని తలుపు వేయించాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు, మెల్లగా మాట్లాడతాడు. "ఛేదిని వస్తే నష్టపోయే మందుల కంపెనీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు హైమా. మూడు నెలల్లో అనుమతి వస్తుంది. ఇలాంటప్పుడు మన ప్లేట్లు చెడుతున్నాయి, వాటికి ఫోటోలు తీస్తున్నారు. ఆ అమ్మాయిని ఎవరో కొన్నారని నేను అనను. కొనలేదని మీరు అనగలరా?"

హైమ తొలగింపు కాగితం మీద సంతకం పెట్టింది. మర్నాడు మధ్యాహ్నం పైడితల్లి తన డబ్బా, నీళ్ళ సీసా, కుర్చీ మీద వేసుకునే చిన్న దిండు సంచిలో సర్దుకుంది.

"నేనేటి తప్పు చేసేను మేడమ్?" అని అడిగింది వెళ్ళేముందు.

"నిర్లక్ష్యం" అంది హైమ. అంతకన్నా పెద్ద మాట నోటిదాకా వచ్చి ఆగింది.

కొత్త సంవత్సరం రాకముందే వరహాలమ్మ మళ్ళీ మంచం పట్టింది. ఈసారి నడుము పక్కన నొప్పి. మూత్రం పరీక్ష చేస్తే మాత్రం ఏ బాక్టీరియా లేదని వస్తోంది. హైమ మూడో కోర్సు మొదలుపెట్టింది. ఈసారి మాత్ర చేతికివ్వలేదు. తనే నోట్లో వేసి, నీళ్ళు తాగించి, టార్చి తెచ్చింది.

"నాలుక ఎత్తండి అత్తయ్యా."

వరహాలమ్మ కొడుకు వైపు చూసింది. ఎదురుగా కూర్చున్న జగదీశ్ పేపరు కొంచెం పైకెత్తుకున్నాడు. ఆవిడ బడిపిల్లలా నోరు తెరిచి నాలుక ఎత్తింది. హైమ బుగ్గల లోపల కూడా వెలుతురు వేసి చూసింది. రోజుకి మూడుసార్లు, పధ్నాలుగు రోజులు. ఆ పధ్నాలుగు రోజుల్లో ఆవిడ కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు.

ల్యాబ్‌లో కూడా ఆ రోజుల్లో హైమ ఎవర్నీ నమ్మలేదు. కొత్త టెక్నీషియన్‌ని ఆ గదిలోకి రానివ్వలేదు. మూత్రం తెచ్చింది తనే, కొత్త ఫిల్టర్ ప్యాకెట్ చింపింది తనే, ప్లేట్ల మీద పూసింది తనే. ఇంక్యుబేటర్‌కి తాళం వేసి ఆ తాళంచెవి మెళ్ళో గొలుసుకి తగిలించుకుంది. జాగ్రత్త గల చేతులు చేస్తే ప్లేట్లు ఎంత ఖాళీగా ఉంటాయో ఫైల్లో పెట్టి చూపించాలని ఆమె పట్టుదల.

పదో రోజు ఉదయం తాళం తీసింది. ఆరు ప్లేట్లలో ఐదింట్లో ఆవగింజలు మొలిచి ఉన్నాయి.

ఆ గదిలో ఇక అనుమానించడానికి మనిషి మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. "అమ్మకి వణుకు పట్టింది. నూట మూడు" అన్నాడు జగదీశ్. కోర్సు నిన్ననే పూర్తయింది. ప్రతి మాత్రా హైమ కళ్ళముందే గొంతు దిగింది.

ఆమె ఆసుపత్రికి వెళ్ళి అత్తగారిని చేర్పించి, ఆవిడ మూత్రం చిన్న సీసాలో పట్టుకుని తిరిగొచ్చింది. ఈసారి మామూలు జెల్లీ వాడలేదు. మన శరీరంలోని రసాల్లా చిక్కగా ఉండేలా ఉప్పు, పంచదార కలిపిన ద్రవంలో వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. పుల్లల్లా నిటారుగా కనిపించాల్సిన బాక్టీరియా ఎక్కడా లేదు. వాటి బదులు గుండ్రటి బుడగలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, దేనికీ ఒక ఆకారమంటూ లేదు. నూనె చుక్కల్లా మెత్తగా కదులుతున్నాయి. ఒకటి సాగి, సన్నబడి, రెండుగా విడిపోయింది. ఆమె చూస్తుండగానే మరో రెండు దగ్గరికి జరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

గాజు పలక అంచున ఒక చుక్క ఉత్త నీళ్ళు వేసింది. నీళ్ళు పాకినంత మేరా బుడగలు టపటపా పగిలి మాయమయ్యాయి. గోడ ఉన్నదేదీ ఉత్త నీళ్ళకి అలా పగలదు.

ఎల్-రూపాలు. ఎమ్మెస్సీలో ఒక పేరా చదివి, పరీక్షలో రాదని వదిలేసిన విషయం. కొన్ని బాక్టీరియాలు చావకుండా గోడ విడిచేసి బతుకుతాయి. గోడ లేదు గనక గోడని కూల్చే మందు వాటినేమీ చేయలేదు. గోడ లేదు గనక మెత్తగా సాగి ఫిల్టర్ రంధ్రాల్లోంచి జారిపోతాయి. మూత్రం పరీక్షలో కనిపించవు. కిడ్నీ లోపలి చిక్కని రసంలో హాయిగా దాక్కుంటాయి. మందు ఆగాక తీరిగ్గా మళ్ళీ గోడ కట్టుకుంటాయి. కాకపోతే ఇన్ని ఎల్-రూపాలు ఇంతకాలం బతకడం, పైగా ఇలా కలిసిపోయి ఒకదాని మొండితనం ఇంకొకదానికి పంచుకోవడం ఏ పుస్తకంలోనూ లేదు. అది ఛేదిని నేర్పిన విద్య. తొమ్మిదేళ్ళు కష్టపడి తను చేసిన మందు శత్రువుని చంపలేదు. బట్టలు విప్పి చీకట్లోకి పంపింది. ప్రతి కోర్సుకీ మరింత లోపలికి పంపింది.

పరాంకుశం అంతా ఓపిగ్గా విన్నాడు. విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ సాంపిల్ ఎవరిది?"

"మా అత్తగారిది."

"ఫిల్టర్ చేసిందెవరు? మీరే. ఇంక్యుబేటర్ తాళం ఎవరి దగ్గరుంది? మీ దగ్గరే. పక్కన సాక్షి?" ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆమెని కొత్తగా చూశాడు. "ఇంట్లో మనిషి మంచాన పడితే ఎవరికైనా మనసు చెదురుతుంది. కాని బయటివాళ్ళు అలా అనుకోరు. మొన్న ఆ టెక్నీషియన్, ఇవాళ మీరు అంటారు. కొన్నాళ్ళు సెలవు తీసుకోండి."

ఆ సాయంత్రం ఆమె కార్డుకి ల్యాబ్ తలుపు తెరుచుకోలేదు.

తను చెప్పేది తనొక్కతి మాట కాకూడదు. తనకన్నా ముందే చూసిన మనిషి ఒకరుండాలి. అలాంటి మనిషి ఉంది. మర్నాడు హైమ విజయనగరం వెళ్ళింది. గంటస్తంభం దగ్గర రక్తపరీక్షల దుకాణంలో పైడితల్లి ఒక ముసలాయన చేతికి రబ్బరు పట్టీ కడుతోంది. హైమని చూసి కూడా తొందరపడలేదు. రక్తం తీసి, దూది అద్ది, సీసా మీద పేరు రాసి అప్పుడు బయటికి వచ్చింది.

హైమ జరిగిందంతా చెప్పింది. "నీ ఫోటోలు కావాలి పైడితల్లీ. వాటిమీద తేదీలుంటాయి. అవి చూపిస్తే ట్రయల్‌ని పరిశీలించే కమిటీ నమ్మి తీరుతుంది."

"మీకివ్వనండి."

"నిన్ను అనుమానించడం నాదే తప్పు. ఒప్పుకుంటున్నాను. కాని అరవై నాలుగు మంది..."

"అందుకేనండి." పైడితల్లి గొంతులో కోపం లేదు, లెక్క ఉంది. "ఇవి మీ చేతికిస్తే ఏటవుతాయో నాకు తెల్దు. మీ మందు, మీ పేరు. అక్కడికెళ్ళేక మీ మనసు మారితే? కమిటీ ఎక్కడ కూకుంటాదో చెప్పండి. నేనే వచ్చి నా చేత్తో ఇస్తాను."

హైమకి చురుక్కుమంది. చిరునామా రాసిచ్చింది.

చెప్పినట్టే పైడితల్లి వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుని, నైతిక పరిశీలన కమిటీ ముందు నిలబడి, నలభై ఒక్క ఫోటోలు ఒక్కొక్కటే చూపిస్తూ ఏ ప్లేటు ఏ రోగిదో తడుముకోకుండా చెప్పింది. పరాంకుశం మధ్యలో రెండుసార్లు అడ్డు తగిలాడు. మూడోసారి అధ్యక్షురాలు ఆయన్ని బయట కూర్చోమంది. ఆ రోజే ట్రయల్ ఆగిపోయింది.

కాని మందు ఆపినంత మాత్రాన లోపలున్నవి పోవు. వైద్యులు మూడు రోజులు చర్చించి చివరికి ఒకే దారి కనుక్కున్నారు. ఆ దారి చెప్పడానికి హైమ అత్తగారి మంచం పక్కన కూర్చుంది.

"ఇవాళ్టినుంచి ఏ మాత్రా వద్దత్తయ్యా. జ్వరం వచ్చేదాకా ఆగాలి. అవి గోడ కట్టుకుని బయటికి రావాలి. వచ్చాకే కొట్టగలం. విడివిడిగా పనిచేయని రెండు పాత మందులు కలిపి ఇస్తే లొంగుతున్నాయి. ముందే ఇస్తే దొరకవు."

"రెండు నెల్లు మింగు మింగని పీకల మీద కూకున్నావు. ఇప్పుడు మింగొద్దా?"

"వద్దు."

"నా నాలిక ఎత్తించి చూసేవు. నిన్నెవరు చూస్తారు?"

గది బయట ట్రాలీ చక్రాలు కిచకిచమంటూ వెళ్ళాయి.

"జగ్గడేటంటాడు?"

"వద్దంటున్నారు. జ్వరం రానివ్వడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమేనంటున్నారు."

"మరి నువ్వు?"

"ఇది తప్ప దారి లేదనిపిస్తోంది. కాని పనిచేస్తుందో లేదో నాకు తెలీదత్తయ్యా. నిజంగా తెలీదు."

వరహాలమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఆ నల్లటి వేళ్ళతో దుప్పటి అంచు సర్దుకుంది. "తెల్దని నీ నోటెంట ఇన్నాళ్ళకి ఇన్నాను. సర్లే. ఆగుదాం."

నాలుగో రోజు పదకొండు గంటలకి జ్వరం మొదలైంది. పన్నెండున్నరకి నూట నాలుగు. మంచం గడగడలాడింది. జగదీశ్ నడవాలో గోడకి తల ఆనించుకుని నిలబడ్డాడు, భార్య వైపు చూడలేదు. హైమ మూత్రం సీసా పట్టుకుని మెట్లు దిగి ఆసుపత్రి ల్యాబ్‌కి పరిగెత్తింది. మైక్రోస్కోపులో పుల్లలు కనిపించాయి. అంచులు తీరిన, నిటారైన, గోడ కట్టుకున్న పుల్లలు. వాటిని చూసి ఆమె ఏడ్చేసింది. పక్కనున్న కుర్రడాక్టరుకి ఆవిడ ఎందుకు ఏడుస్తోందో, ఏడుస్తూ ఎందుకు నవ్వుతోందో అర్థం కాలేదు. ఐదు నిమిషాల్లో మందు ఎక్కించడం మొదలైంది.

వరహాలమ్మ ఆరు రోజులకి తేరుకుంది. ఒక కిడ్నీ తీసేయాల్సి వచ్చింది. అరవై నాలుగు మందిలో ముగ్గురు ఆ జ్వరం దాటలేకపోయారు. ఒకరు మొదటి బ్యాచ్ మనిషి. ఇద్దరు రెండో బ్యాచ్ వాళ్ళు. ఆ ఇద్దరిలో ఒకాయన అనకాపల్లిలో బెల్లం వ్యాపారి, ఇంకొకామె పెందుర్తిలో అంగన్‌వాడీ టీచరు. ముగ్గురి ఇళ్ళకీ హైమ వెళ్ళింది. రెండు ఇళ్ళల్లో కూర్చోమన్నారు. ఒక ఇంట్లో అనలేదు.

మార్చిలో ఆమె మళ్ళీ విజయనగరం వెళ్ళింది. చేతిలో ఒక కాగితం. పైడితల్లిని తొలగించింది అన్యాయంగానని, ప్లేట్లలో పెరుగుదలని మొదట కనిపెట్టింది ఆమేనని, తాను వినలేదని అందులో రాసి ఉంది. ఒక ప్రతి కేంద్రానికి, ఒకటి కమిటీకి, ఒకటి పైడితల్లికి. దాంతోపాటు పాత ఉద్యోగంలోకి రమ్మన్న ఉత్తర్వు కూడా ఉంది.

పైడితల్లి ఉత్తర్వు చదివి మడిచి తిరిగిచ్చేసింది. "రానండి. మీరు ఇకమీద నన్ను నమ్ముతారు, నాకు తెలుసు. నేను మిమ్మల్ని నమ్మి పనిచేయలేను." తర్వాత రెండో కాగితం తీసుకుంది. దుకాణం మెట్టు మీద కూర్చుని, ప్రతి పంక్తి కింద వేలు పెట్టుకుంటూ చదివింది. ఒకచోట వేలు ఆగింది.

"తేదీ తప్పండి."

"ఏది?"

"నేను మీకు మొదటిసారి చెప్పింది నవంబరు పదకొండున అని రాసేరు. పదకొండున ప్లేట్లు పట్టుకుని వచ్చేను. అంతకుముందే, తుఫాను తర్వాత ల్యాబ్ తెరిచిన రోజే నోటితో చెప్పేను, నాలుగున. మీరు ఫోన్లో ఉన్నారు, తర్వాత చూద్దామని చేత్తో సైగ చేసేరు. ఆ రోజు మా పాప స్కూల్లో మీటింగుందని గంట పర్మిషన్ కూడా అడిగేను, ఇచ్చేరు. రిజిస్టర్లో ఉంటాది."

హైమకి లీలగా గుర్తొచ్చింది. కిటికీ దగ్గర తను, చెవిలో ఫోను, తలుపు దగ్గర ఎవరో నిలబడటం. ఆ ఫోన్ రెండో బ్యాచ్ గురించే. రెండో బ్యాచ్‌కి మొదటి మాత్ర ఇచ్చింది నవంబరు ఆరున, ఆ సైగ చేసిన రెండు రోజుల తర్వాత.

వీధిలో ఆటోలు అరుచుకుంటూ పోతున్నాయి. పైడితల్లి లోపలికి వెళ్ళి సీసాల మీద పేర్లు రాసే పెన్ను తెచ్చి ఇచ్చింది.

హైమ పదకొండు కొట్టేసి నాలుగు అని రాసింది. దిద్దుబాటు పక్కన సంతకం పెట్టింది. మిగతా రెండు ప్రతులు కూడా సంచిలోంచి తీసి అలాగే దిద్దింది.